పంటు నడుస్తోందా?

బేస్తవారిపేటలో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే: గిద్దలూరు వైపా, మార్కాపురం వైపా, పొదిలి మీదుగా ఒంగోలు వైపా అని. అది తేలితే చాలు, దారి ఉంటుంది, బస్సూ ఉంటుంది. మనకున్న పెద్ద ఏరు గుండ్లకమ్మ. ఏడాదిలో ఎక్కువ నెలలు దాన్ని దాటాలంటే చెప్పులు చేతబట్టుకుంటే సరిపోతుంది. నీళ్లు దారికి అడ్డమొస్తాయనీ, వాటిని చూసుకుని ముహూర్తం పెట్టుకోవాలనీ ఈ నేల మీద పెరిగినవాళ్లకు ఎవరూ నేర్పరు. అందుకే అంతర్వేదికి బయల్దేరేవాళ్లు నా దగ్గరికి వచ్చి దారి అడిగితే, గోదావరి దాటించే పంటు నడుస్తోందో లేదో కనుక్కున్నారా అని ముందు నేనే అడుగుతాను.

నరసింహస్వామి మన వైపు ఇళ్లకు బాగా దగ్గరి దేవుడు. నల్లమల దాటితే అహోబిలం. అహోబిలం చూసివచ్చినవాళ్లకు, గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేదిలో వెలసిన లక్ష్మీనరసింహుణ్ణి కూడా చూడాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. అక్కడ మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, తెల్లవారితే భీష్మ ఏకాదశి, రథోత్సవం. రైలు మారుతూ, బస్సు మారుతూ ముసలివాళ్లను తీసుకెళ్లడం కష్టమని ఈమధ్య అందరూ కారు మాట్లాడుకుంటున్నారు. కారు అనేసరికి నది దాటే సంగతి ఇంకాస్త ముఖ్యమవుతుంది. మనిషి ఏదో ఒక పడవలో దాటేయొచ్చు. కారు దాటాలంటే పంటే కావాలి.

దారి మాత్రం చక్కనిది. ఒంగోలు దాకా సుమారు వంద కిలోమీటర్లు మన మెట్టపొలాలు, చీమకుర్తి గ్రానైటు గుట్టలు. ఒంగోలులో 216వ జాతీయ రహదారి ఎక్కితే అక్కణ్ణుంచి తీరం వెంబడే ప్రయాణం. చీరాల చేరకముందే కుడివైపున పెదగంజాం, మోటుపల్లి ఉంటాయి. తొందర లేకపోతే అక్కడ కాసేపు ఆగమంటాను. కాకినాడ నుంచి చెన్నపట్నం దాకా కాలువల మీద పడవలు నడిచిన రోజుల్లో పెదగంజాం పెద్ద మజిలీ. కొమ్మమూరు కాలువ వచ్చి బకింగ్‌హాం కాలువలో కలిసేది అక్కడే. 1876–78 కరువులో ఆకలితో ఉన్న జనానికి పని చూపించడానికి మద్రాసు దగ్గర బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే కాలువకు నిలిచింది. ఉప్పు, ధాన్యం, కట్టెలు, మనుషులు అన్నీ దాని మీదే వెళ్లేవి. 2008లో ఈ దారినంతా నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పేరైతే వచ్చింది కానీ, కాకినాడలో పడవెక్కి చెన్నైలో దిగే రోజులు మాత్రం తిరిగి రాలేదు.

మోటుపల్లి సంగతి నాకు ఇంకా ఇష్టం. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, తుపానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా లాక్కునేవారట. ఇక మీదట అలా జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ ఆయన నావికులకు అభయమిచ్చాడు. నీటి ప్రయాణం ఆగిపోవడం నేరం కాదనీ, ఆగినవాణ్ణి కాపాడే బాధ్యత ఒడ్డు మీద ఉన్నవాళ్లదనీ దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటే మన తీరంలో రాతి మీద చెక్కించారు. పంటు ఆగిందని రేవులో పనివాళ్ల మీద అరిచేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ శాసనం గుర్తొస్తుంది.

బాపట్ల, రేపల్లె దాటాక పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటేస్తాం. మోపిదేవి, మచిలీపట్నం, ఆపైన లోసరి, ఆ తర్వాత నరసాపురం. అక్కడ వసిష్ఠ గోదావరి. ఎదురుగా ఒడ్డు మీద సఖినేటిపల్లి. ఆ వైపు దిగి కాస్త దూరం పోతే అంతర్వేదే. ఇవతల మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి. తంగెడ దగ్గర బల్లకట్టు మీద కృష్ణ దాటి మట్టపల్లి వెళ్లిన పెద్దలు మన వైపు ఇంకా ఉన్నారు. ఆ బల్లకట్టుకు పంటు అన్న వరస అనుకోండి. బస్సులు, లారీలు, కార్లు, మోటారు సైకిళ్లు, వాటి మధ్య మనుషులు, అందరినీ మోసుకుని పావుగంటలో అవతల దించుతుంది.

నడిస్తే అంత సుఖం. కానీ అది ఆగడానికి చాలా కారణాలున్నాయి, వాటిలో సగం మనకు అలవాటు లేనివి. వానాకాలంలో వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు పోతుంటుంది. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షలు దాటింది. 2022 జులైలో దాదాపు ఇరవై ఆరు లక్షలు. ఇంత నీరు దిగుతుంటే పంటు కట్టేయక తప్పదు. ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ధవళేశ్వరానికి వచ్చే వరద ముందు భద్రాచలంలో కనిపిస్తుంది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో గోదావరి జిల్లాలకు బయల్దేరేవాళ్లు సొంత ఊరి మబ్బు చూసి లాభం లేదు, టీవీలో భద్రాచలం అంకె చూడాలి. బేస్తవారిపేటలో ఎండ మండిపోతున్నా, ఎక్కడో పై రాష్ట్రాల్లో కురిసిన వాన నరసాపురంలో పంటును ఆపుతుంది.

వరద లేని మాఘమాసంలో వేరే చిక్కులు. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ నదికి కూడా పోటూ పాటూ ఉంటాయి. పాటు వేళ నీరు తగ్గుతుంది. రేవులో ఇసుక మేట వేసి ఉంటే బరువెక్కిన పంటు ఒడ్డుకు రాలేదు. తెల్లవారుజామున మంచు, తుపాను రోజుల్లో గాలి ఉండనే ఉన్నాయి. రేవు నడిపే హక్కు వేలం పాటలో ఇస్తారు కనుక పాట గడువు మారే రోజుల్లో కూడా ఓసారి కనుక్కోవడం మంచిది. ఈ మేట గొడవ చిన్న రేవులకే అనుకోకండి. గుజరాత్‌లో ఘోఘా నుంచి దహేజ్‌కు 2017లో ఎంతో ఆర్భాటంగా ఓడ సర్వీసు మొదలుపెట్టారు. దహేజ్ వైపు పూడిక పేరుకుని లోతు చాలక 2019లో ఆపేశారు. తర్వాత ఘోఘా నుంచి హజీరాకు మార్చుకున్నారు.

అందుకే నేను చెప్పేది, పంటు దారితో పాటు చుట్టు దారిని కూడా ఇంట్లోనే రాసిపెట్టుకోమని. పాలకొల్లు వెళ్లి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి చేరొచ్చు. గంటకు పైగా ఎక్కువ పడుతుంది, డీజిలూ ఖర్చే. అయినా ఆ గంటను మొదట్లోనే లెక్కలో వేసుకుంటే కల్యాణం తప్పిపోతుందన్న ఆదుర్దా ఉండదు, ఆగిపోయిన రేవులో ఏదో ఒక పడవ ఎక్కించమని ఎవరినీ బతిమాలబుద్ధి కాదు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ కృష్ణలో తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది మన ఒంగోలువాళ్లే. అనుమతి లేని పడవ అది. ఆ రోజు ఎవరైనా ఆపి ఉంటే, ఎక్కాల్సినవాళ్లు కాసేపు విసుక్కుని ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లు. ఆ తర్వాత నుంచి ఏ రేవులో ఎవరు ఆపినా నాకు కోపం రాదు.

కోపం రావాల్సింది ఇంకోచోట. మనం ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లం, ఒక పూట ఆలస్యమైతే పోయేదేమీ లేదు. సఖినేటిపల్లి వైపు వాళ్లకు బజారు, చదువు, వైద్యం చాలామటుకు నరసాపురంలోనే. లేసు అల్లే ఆడవాళ్లకు సరుకు ఇచ్చిపుచ్చుకునేదీ అక్కడే. కళ్లెదుట కనిపించే ఆసుపత్రికి పంటు ఆగిన రాత్రి ఒక గర్భిణిని చించినాడ చుట్టు తిప్పి తీసుకెళ్లాలి. ఇదే గోదావరి మీద యానాం–ఎదుర్లంక మధ్య 2002లో వంతెన వచ్చి, బాలయోగి పేరు పెట్టుకుని, అక్కడి పడవ ప్రయాణాన్ని పాత ముచ్చటగా మార్చేసింది. నరసాపురం–సఖినేటిపల్లి వంతెన మాత్రం ఎన్నికల హామీల్లోనే ఉంటూ వచ్చింది. అది రావాలి. అంతర్వేది యాత్రికులకంటే ముందు అక్కడ కాపురముంటున్నవాళ్ల కోసం రావాలి.

వంతెన వచ్చేలోగా చేయదగిన చిన్న పని ఒకటుంది. దానికి కోట్లు అక్కర్లేదు. లోసరి వంతెన దిగిన చోట, సఖినేటిపల్లి సెంటర్లో, చుట్టుపక్కల ఆర్టీసీ బస్టాండ్లలో ఒక బోర్డు పెట్టి, పంటు నడుస్తోందో లేదో, నడిస్తే ఏ వేళ దాకానో పొద్దునా మధ్యాహ్నమూ రాయించాలి. అదే మాట చెప్పే ఒక ఫోన్ నంబరు కూడా దాని కిందే రాయాలి. అప్పుడు దూరం నుంచి వచ్చిన కారు నరసాపురం రేవు దాకా పోకుండా, లోసరి నుంచే పాలకొల్లు దారి పట్టొచ్చు.