కొండెక్కిన దీపం

తెలుగువారు దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. వెలుగునిచ్చిన వస్తువును గురించి అమంగళమైన మాట పలకరాదన్న సంస్కారమే ఆ పలుకుబడికి మూలం. సంధ్యవేళ దీపం వెలిగించి నమస్కరించడం, దానిని నోటితో ఊది ఆర్పకపోవడం, పండుగనాటికి ఇత్తడి కుందిని చింతపండుతో తోమి తళతళలాడించడం మొదలైనవన్నీ ఆ సంస్కారానికి వేర్వేరు రూపాలు. ప్రాచీన కవులకు సైతం దీపం శ్లేషల గని. సంస్కృతంలో ‘స్నేహం’ అంటే నూనె, ప్రేమ కూడా. ‘దశ’ అంటే వత్తి, అవస్థ కూడా. స్నేహం తరిగితే దశ మారుతుందన్న లోకసత్యాన్ని దీపం మీదుగా చెప్పడానికి ఆ రెండు మాటలు చాలు.

ఆ కాలపు దీపానికి అంత్యదశ ఒక సమస్య కాలేదు. మట్టి ప్రమిద పగిలితే పెరటి మట్టిలో కలిసేది. ఇత్తడి కుంది సొట్టపడితే కంచరి కొలిమిలో కరిగి మరో పాత్రగా రూపుదాల్చేది. లాంతరు చిమ్నీ పగిలితే సంతలో వేరొకటి దొరికేది. లాంతరు మాత్రం తరువాతి తరానికి మిగిలేది. ఆపై ఇళ్లకు వచ్చిన పాత విద్యుద్దీపం కూడా ఒక గాజుబుడ్డి, ఒక లోహపు టోపీ, ఒక సన్నని తీగ తప్ప మరేమీ కాదు.

ఎల్.ఇ.డి. బల్బు ఆ కోవకు చెందినది కాదు. విద్యుత్తు ప్రవహించినప్పుడు కాంతినిచ్చే అర్ధవాహకమే దాని ప్రాణం. 1962లో నిక్ హొలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే డయోడును రూపొందించాడు. అయితే ఇళ్లలో వాడుకోదగిన తెల్లని వెలుగుకు నీలికాంతి అవసరమైంది. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చేపాటి వెలుగును ఇది 7 నుంచి 9 వాట్లతోనే ఇస్తుంది. అందువల్లనే ప్రభుత్వాలు దీనిని ప్రోత్సహించాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో పాత బల్బు తెచ్చి ఇచ్చిన కుటుంబాలకు 10 రూపాయలకొకటి చొప్పున ఈ బల్బులను అందజేశారు. 2015 జనవరి 5న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి.

వాటిలో ఎన్నో నేడు ఒకటొకటిగా కొండెక్కుతున్నాయి. 25,000 గంటలు వెలుగుతుందని పెట్టెపై ముద్రించిన బల్బు రోజుకు 6 గంటల లెక్కన 11 సంవత్సరాలకు పైగా నిలవాలి. కాని వేసవి వేడిమి, వోల్టేజి హెచ్చుతగ్గులు దాని ఆయువును హరిస్తాయి. విచిత్రమేమంటే, చాలా సందర్భాలలో చెడిపోయేది వెలుగునిచ్చే డయోడు కాదు. ఇంటి విద్యుత్తును దానికి తగినట్లుగా మార్చి అందించే డ్రైవరు అనే చిన్న పలకలో, వేడికి ఎండిపోయిన ఒక కెపాసిటరు మొత్తం దీపాన్ని నిలిపివేస్తుంది. మరికొన్నిటిలో వరుసగా అమర్చిన పసుపు చుక్కలవంటి డయోడులలో ఒక్కటి మాడిపోతే మిగిలినవన్నీ ఆరిపోతాయి. గొలుసులో ఒక్క కడియం తెగితే గొలుసంతా జారిపోయినట్లు, తొమ్మిది ఆరోగ్యంగా ఉన్నా పదవదాని కారణంగా దీపం మృతప్రాయమవుతుంది.

ఆ చిన్న గుండులో ఒదిగిన పదార్థాల జాబితా చిన్నది కాదు. వేడిని బయటికి పంపే అల్యూమినియం పలక, రాగి, తగరం, ప్లాస్టిక్కు మొదలైనవి కంటికి కనిపించేవి. నీలికాంతినిచ్చే స్ఫటికంలోని గాలియం, ఇండియం. ఆ నీలిని తెలుపుగా మార్చే పసుపు పూతలోని యిట్రియం, సీరియం కంటికి కనిపించనివి. అల్యూమినియానికి ముడిఖనిజం బాక్సైటు. గాలియంలో అధికభాగం కూడా బాక్సైటును శుద్ధి చేసేటప్పుడు ఉపఫలంగా లభించేదే. ఆ ఖనిజం తూర్పు కనుమలలోని కొండల శిఖరాలపై ఉంది. ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతంలో దానిని తవ్వుతున్నారు. విశాఖ మన్యంలో తమ కొండలను తవ్వరాదని గిరిజనులు దీర్ఘకాలం పోరాడారు. కాబట్టి దీపం కొండెక్కడానికి ముందే ఎక్కడో ఒక కొండ దిగివస్తున్నదని గ్రహించాలి.

ఆరిన బల్బు చేరుతున్నది కూడా కొండకే. కాని అది చెత్తకొండ. హైదరాబాదు నగరపు చెత్త చేరిన జవహర్‌నగర్‌లో అది నిజంగానే కొండగా పెరిగింది. దానిపై మట్టి కప్పవలసి వచ్చింది. దాని నుంచి ఊరిన మురుగు సమీపంలోని మల్కారం చెరువును పాడుచేసింది. ఇటువంటి గుట్టలపై పొట్టకూటికై పాత వస్తువులు ఏరుకొనేవారు బల్బును చేతులతోనే పగులగొడతారు. తీగల మీది ప్లాస్టిక్కును కాల్చి రాగిని తీస్తారు. ఆ పొగ మొదట చేరేది వారి ఊపిరితిత్తులలోకే. ఎల్.ఇ.డి. బల్బులో సి.ఎఫ్.ఎల్.లో వలె పాదరసం లేదన్న మాట నిజమే. అంతమాత్రాన అది ఎక్కడ పారవేసినా హాని చేయదని భావించడం తగదు.

ఇల్లాలు దానిని చెత్తబుట్టలో వేయడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. పాత ఇనుము, కాగితాలు, సీసాలు కొనే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు ఆమె నాలుగు బల్బులు తెచ్చి చూపితే, “ఇవి మాకు పనికిరావమ్మా, వీటికి రేటు లేదు” అంటాడు. అతని మాటలో అసత్యం లేదు. ఒక్క బల్బులోని లోహం విలువ దానిని విప్పడానికి పట్టే శ్రమకు సరిపోదు. పది ఇళ్లవి కూడినా అతని తక్కెడకు బరువు చాలదు. వేల బల్బులు ఒకచోట చేరి, యంత్రాల సాయంతో ప్లాస్టిక్కు, అల్యూమినియం, విద్యుత్ పలకలు వేరుపడినప్పుడే వాటికి విలువ ఏర్పడుతుంది. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడుకోవడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే విద్యుత్తులో నూటికి 5 వంతులు చాలు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుంచి లోహాలను రాబట్టే పద్ధతులపై హైదరాబాదులోని సి-మెట్ వంటి సంస్థలు పరిశోధనలు చేశాయి. విద్య ఉంది; వస్తువు దాని దగ్గరకు చేరే దారి మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే తెగిపోతున్నది.

ఆ దారి వేయడానికి చట్టం ప్రయత్నించింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను గురించి 2011లో మొదటిసారి ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు, 21గా ఉన్న పరికరాల రకాలను 106కు పెంచాయి. వస్తువును అమ్మిన తయారీదారుడు దాని ఆయువు తీరిన తరువాత పునశ్చక్రీకరణకు కూడా బాధ్యత వహించాలన్నది వాటి సారాంశం. కాని ఇంటింటా ఒంటరిగా పడి ఉన్న బల్బు దానంతటది తయారీదారుని వద్దకు నడిచిపోలేదు. ఒకనాడు కొత్త బల్బు ఇవ్వడానికి పాతదానిని అడిగి తీసుకున్నారు. ఇచ్చిపుచ్చుకొనే ఆ మర్యాద నేడు ప్రతి దుకాణంలోనూ అవసరం.

అంతవరకు గృహస్థు చేయగలిగిన పని కొంత ఉంది. వెలగని బల్బును ముందుగా మరొక హోల్డరులో పెట్టి పరీక్షించాలి; లోపం హోల్డరుదే కావచ్చు. బల్బుదే అయితే బాగుచేసేవారికి చూపాలి. చిన్న పట్టణాలలో డ్రైవరు మార్చి, మాడిన చుక్కను సరిచేసి, కొత్తదాని వెలకంటె తక్కువకే వెలిగించి ఇచ్చే పనివారు ఉన్నారు. ‘బిందెలకు మాట్లు వేస్తాం, గిన్నెలకు కళాయి పోస్తాం’ అంటూ తిరిగిన వారి పరంపరను వీరు నిలుపుతున్నారు. పని తెలియనివారు మాత్రం దానిని స్వయంగా విప్పరాదు. బాగుకాని బల్బును పగలగొట్టక, సి.ఎఫ్.ఎల్.లతో, బ్యాటరీలతో కలపక, ఒక అట్టపెట్టెలో విడిగా దాచాలి. వీధికో, కళాశాలకో ఒక పెట్టె ఏర్పడి, అది నిండినప్పుడు అనుమతి పొందిన సేకరణ కేంద్రానికి చేరితే, విడిగా విలువలేని వస్తువుకు కూడికలో విలువ వస్తుంది.

ఎల్.ఇ.డి. దీపంలో నూనె లేదు, వత్తి లేదు. కనుక స్నేహం, దశ అన్న పాత మాటలు దానికి వర్తించవని అనిపించవచ్చు. కాని వెలుగును అనుభవించినవారికి ఆ వస్తువు అంత్యదశ పట్ల కూడా బాధ్యత ఉంటుంది. చెత్తగుట్టపై దానిని చేత పట్టుకోబోయే అపరిచితుని పట్ల చూపవలసిన స్నేహమే ఆ బాధ్యత. దీపం పెట్టడం ఎంత పుణ్యమో, కొండెక్కిన దీపాన్ని చేరవలసిన చోటికి చేర్చడమూ అంతే పుణ్యం.