హెచ్చరిక కూడా కృపే



తుఫాను కాలం వచ్చిన ప్రతిసారీ విశ్వాసులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం ఇల్లు వదిలి షెల్టరుకు పోతే అది అవిశ్వాసం కాదా అని. ఈ ప్రశ్న ఒకసారి మా గుమ్మంలోకే వచ్చింది.

2023 డిసెంబరు 4, సోమవారం. మిచౌంగ్ తుఫాను బాపట్ల వైపు వస్తోందని చెబుతున్నారు. మధ్యాహ్నం వాలంటీరు వచ్చి, పూరిళ్ళవాళ్ళు, రేకుల ఇళ్ళవాళ్ళు హైస్కూలు భవనంలోకి వెళ్ళాలన్నాడు. మాదీ రేకుల ఇల్లే. మందిరానికీ రేకులే. బియ్యం, దుప్పట్లు, ఆధార్ కార్డులు, బైబిలు సంచిలో కట్టుకుంటుండగా సంఘపెద్ద ఒకాయన వచ్చారు.

"అయ్యగారూ, మీరే వెళ్ళిపోతే ఎట్టా? మందిరంలో కూడి రాత్రంతా ప్రార్థన చేద్దాం. దేవుడు కాపాడడా?" అన్నారు. ఆయన మాటలో భక్తి ఉంది. వెనుక నాలుగు కుటుంబాలు మేమేం చెబుతామా అని చూస్తున్నాయి.

జవాబు మా అమ్మ చెప్పింది. అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి పెళ్ళీడు పిల్ల. "అన్నయ్యా, ఆ రాత్రి మావాళ్ళూ ప్రార్థన చేశారు. తాటిచెట్టు పట్టుకుని నేను మిగిలాను, మా తమ్ముడు మిగల్లేదు. ఊరు వదిలి పొమ్మని ఒక్కరు వచ్చి చెప్పినా, మా నాయన మమ్మల్ని భుజానేసుకుని నడిచేవాడు. మీకు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళని దేవుడు పంపలేదంటారా?"

ఆయన మారు మాట్లాడలేదు. అందరం కలిసే స్కూలుకు నడిచాం.

ప్రియులారా, నోవహు ఓడ కట్టింది వాన పడ్డాక కాదు. అప్పటికి కంటికి కనబడని సంగతుల గురించి దేవుడు హెచ్చరిస్తే, భయభక్తులతో విని ఓడ సిద్ధం చేసుకున్నాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం ఆ పనిని విశ్వాసమనే లెక్కించింది. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 11 వరకు ఉన్నాయని మీకు తెలుసు. 10వ నంబరు అంటే మహా ప్రమాదం. దానికి పైన ఉన్న 11వ నంబరుకు అర్థం వేరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని భావం. తుఫానుకన్నా, తుఫాను సంగతి చెప్పే మాట ఆగిపోవడం భయంకరమని మాకు అప్పటినుండి అనిపిస్తుంది. అమ్మ వాళ్ళు ఆ రాత్రి గడిపింది అలాంటి స్థితిలోనే.

మంగళవారం గాలి హోరు పెరిగింది. సెల్ టవరు పోయింది, కిటికీ తలుపులు బాదుకుంటున్నాయి. మధ్యలో కాస్త నెమ్మదించగానే ఒక తమ్ముడు గేదెల్ని చూసొస్తానని లేచాడు. తుఫాను కన్ను దాటేటప్పుడు గాలి ఆగినట్టే ఉండి, మళ్ళీ ఎదురు దిక్కునుండి కొడుతుందని చెప్పి వీఆర్వో గారు గేటు దగ్గరే ఆపేశారు. అప్పుడు మాకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం గుర్తొచ్చింది. బయలుదేరక ముందే పౌలు హెచ్చరించాడు, శతాధిపతి ఓడ నడిపేవాని మాటే నమ్మాడు. తరువాత నావికులు చిన్న పడవ దించుకుని జారుకోబోతే, వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు చెప్పాడు. ఈసారి విన్నారు. 276 మందీ ఒడ్డుకు చేరారు.

మేమూ అందరం క్షేమంగా ఇళ్ళకు చేరాం. అయితే ఆ పెద్దాయన కోసిన రెండెకరాల వరి పనల మీదే మునిగిపోయింది. మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, "ప్రాణం కాపాడిన దేవుడికి పంట బరువైందా అయ్యగారూ?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. లుంగీలు ఎగగట్టి పనలు గట్టుమీదికి మోశాం. సగం గింజలు అప్పటికే మొలకెత్తాయి. పౌలు ఎక్కిన ఓడలోనూ గోధుమలు సముద్రం పాలయ్యాయి, ఓడ బద్దలైంది. వాటిని ఎందుకు కాపాడలేదో వాక్యం వివరించదు. ఒడ్డుకు చేరినవాళ్ళు తడిసి వణుకుతుంటే అక్కడి మనుషులు మంట వేసి చేర్చుకున్నారని మాత్రం చెబుతుంది. పంట పోయినవాని పక్కన సంఘం చేయవలసిన పని అదే.

కాబట్టి ప్రియ సంఘమా, హెచ్చరిక వచ్చినప్పుడు ప్రార్థన చేయండి, చేస్తూనే నడవండి. మీ వీధిలో ఫోను లేని ముసలివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు, ఒంటరి బాలింతలు ఎవరో ముందే గుర్తుపెట్టుకోండి. యెహెజ్కేలు 33వ అధ్యాయంలోని కావలివాడు బూర ఊదవలసింది తన ఒక్క ఇంటికోసమే కాదు గదా.

ప్రార్థన: తండ్రీ, మా ఆశ్రయమా, నీవు పంపే హెచ్చరికను గుర్తించే చెవి, దాన్ని పొరుగువానికి చేర్చే కాళ్ళు మాకు దయచేయుము. నష్టపోయిన రైతు కుటుంబాలను ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.