స్నానం చేసిన నీళ్లు ఎక్కడికి పోవాలి?

కణేకల్ చెరువు కట్ట ఎక్కి చూస్తే అనంతపురం జిల్లా కరువు గురించి చదివినదంతా కాసేపు నమ్మబుద్ధి కాదు. కట్ట కింద వరి మళ్లు, తూము వదిలిన చోట పంట కాలువలో చప్పుడు చేస్తూ పారే నీళ్లు, గట్ల మీద కొంగలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. కాబట్టి ఈ పచ్చదనం ఇక్కడి మబ్బులు ఇచ్చింది కాదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాములో బయల్దేరిన ఎగువ కాలువ, ఇక్కడి జనం నోట హెచ్చెల్సీ, కర్ణాటకలో నూరు కిలోమీటర్లకు పైగా నడిచి ఈ సరిహద్దు పల్లెల్లోకి దిగి ఇచ్చింది. అదే నేల మీద కొంచెం పక్కకు, వేదవతి ఒడ్డుకు పోతే దృశ్యం తారుమారవుతుంది. హగరి అని పిలిచే ఆ ఏట్లో నీళ్లు కనిపించే రోజులు తక్కువ, ఇసుక ఎక్కువ. గాలి ఆ ఇసుకను ఎత్తి చేలల్లో పోస్తుంది. పక్కనున్న బొమ్మనహాళ్ మండలంలో దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు ఆ ఇసుక దిబ్బలై ఏటేటా కదులుతోంది. వరి మడికీ ఇసుక దిబ్బకీ నడుమ ఉన్న తేడా అంతా నీళ్లు ఏ దారిన పోయాయన్నదే. నా వాదన కూడా ఆ దారి గురించే.

ఇలాంటి చోట నిలబడి బీరు స్నానం గురించి మాట్లాడటం కొందరికి అపచారంగా తోచవచ్చు. కానీ సెలవులకు యూరప్ వెళ్లే తెలుగువాళ్లు పెరిగారు, ప్రాగ్ దాకా వెళ్లినవాళ్లు చూసి వచ్చే వింతల్లో ఇదీ ఒకటైంది. చెక్ దేశపు పడమటి కొసన ఖోదోవా ప్లానా అనే ఊళ్లో ఖోదోవర్ అనే పాత బీరు తయారీశాల ఉంది. వాళ్లు 2006లో స్నానశాల తెరిచారు. తొట్టిలో గోరువెచ్చని ఖనిజ జలం, అందులో స్నానానికని కాచిన నల్ల బీరు కలుపుతారు. ఇరవై నిమిషాలు అందులో ఉండి, లేచాక దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఆ తర్వాత ఇలాంటి స్నానశాలలు ప్రాగ్‌లోనూ ఇతర దేశాల్లోనూ వచ్చాయి. మన దగ్గరా రిసార్టులు తొట్లు, ఆవిరి గదులు, నూనె మర్దనలు పెట్టి సెలవు రోజులను అమ్ముతున్నాయి. ఈ వ్యాపారం రేపు రాయలసీమ వైపు చూస్తే ఏమనాలి? నీళ్లకు మొహం వాచిన నేలలో స్నానాన్ని వినోదంగా అమ్మవచ్చా? కణేకల్ నీళ్ల లెక్క చూశాక నాకు తోచింది ఇది: కరువు సీమలో స్నానశాల ఉండటం తప్పు కాదు. స్నానం చేసిన నీళ్లకు ఆ తర్వాత పని లేకుండా చేయడం తప్పు. నీళ్లు తొట్టిలోంచి చేనుకు పోతే స్నానశాల కూడా ఆయకట్టులో ఒక భాగమే అవుతుంది.

ముందు లెక్క. ఒక పెద్ద తొట్టి 1,000 లీటర్లు పడుతుందనుకుందాం. ఎకరం వరి ఒక పంట కాలంలో దాదాపు 1,200 మిల్లీమీటర్ల లోతు నీళ్లు అడుగుతుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి మొత్తం 48 లక్షల లీటర్లకు పైమాట. ఇంజనీర్లు ఒక టీఎంసీతో 6,000 ఎకరాల మాగాణి పండుతుందని చెప్పే మోటు లెక్కకూ ఇది సరిపోతుంది. అంటే కణేకల్ కట్ట కింద ఒక్క ఎకరం వరికి ఒక పంటకు పెట్టే నీళ్లతో 4,800 తొట్లు నింపవచ్చు. రోజుకు పదమూడు తొట్ల చొప్పున ఏడాది పొడవునా నింపవచ్చన్నమాట. కరువు నేలలో విలాస స్నానమా అని రగిలే కోపం నాకు అర్థమవుతుంది, ఆ కోపం వెనకున్న బాధ నిజమైనది. అయితే నీళ్లు నిజంగా పోతున్నది తొట్లలో కాదు. తుంగభద్ర డ్యాము మొదట 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి చేరి ఇప్పుడు పట్టేది 105 టీఎంసీల పైచిలుకు. పోయిన 27 టీఎంసీలు, హెచ్చెల్సీలో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 32.5 టీఎంసీల వాటాకు ఎంతో తక్కువేమీ కాదు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఆయకట్టు ఊళ్ల గుండె ఎందుకు జారిందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. కోపం ఆ పూడిక మీదికీ, ఆ గేట్ల నిర్వహణ మీదికీ మళ్లాలి.

దీనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న న్యాయమైనది. వరి అన్నం పెడుతుంది, తొట్టి ఏం పెడుతుంది? ఒక పూట హాయికీ ఒక కుటుంబం తిండికీ పోటీ పెట్టడమేమిటి? పోటీ పెట్టనక్కర్లేదనే నేనంటున్నాను. వరికి పెట్టిన నీళ్లలో పెద్ద భాగం ఆకుల గుండా, మడి మీది నుంచి ఆవిరై పోతుంది. కొంత భూమిలోకి దిగి దిగువ బావుల్లో తేలుతుంది, ఆవిరైనది తిరిగి చేతికి రాదు. స్నానం అలా కాదు. తొట్టిలో దిగిన మనిషి లేచి పోయాక నీళ్లు దాదాపు అన్నీ అక్కడే ఉంటాయి. వాటికి తర్వాత పని చూపిస్తే స్నానానికి విడిగా నీళ్లు ఖర్చైనట్టే కాదు, పైరుకు పోయే నీళ్లు దారిలో ఒక మనిషికి సేవ చేసి పోయినట్టు. నీరు ఎంత వాడామన్న లెక్కతో పాటు ఎన్ని పనులకు వాడామన్న లెక్క కూడా కరువు నేలలో వేయాలి. ఈ రెండో లెక్క మన సాగునీటి చర్చల్లో దాదాపు వినపడదు.

ఇది కాగితం మీది ఊహ కాదని చూపడానికి మహానంది చాలు. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండల అడుగున ఉన్న ఆ గుడి గర్భాలయం కింది నుంచి ఊట వస్తుంది. ఆ నీళ్లు కోనేళ్లలోకి చేరతాయి. అయిదడుగుల లోతున అడుగున పడిన నాణెం పైనుంచి కనిపించేంత తేట. చలికాలం తెల్లవారుజామున దిగితే వెచ్చగా, ఎండాకాలంలో దిగితే చల్లగా ఉంటాయని భక్తులు చెప్పేది నిజమే. నేల లోతుల్లోని నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, మారేది మన చుట్టూ ఉన్న గాలి. వేడి ఊటలు కావాలంటే భద్రాచలం దగ్గర గుండాల ఉంది. అక్కడ గోదావరి ఇసుకలో గుంత తవ్వితే వేడినీళ్లు వస్తాయి. కానీ నేను మహానందిలో చూడాలనుకున్నది కోనేటి మెట్లను కాదు, నీళ్లు బయటికి పోయే కాలువను. స్నానాల కోనేరు నిండి పొర్లిన నీళ్లు గుడి దాటి పొలాల్లోకి పోతాయి. దాదాపు రెండు వేల ఎకరాలు ఆ ఊట కింద పండుతాయని చెబుతారు. చుట్టూ ఉన్న అరటి తోటలు చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. వందల మంది మునిగి లేచిన నీళ్లే అరటి మొదళ్లకు చేరుతున్నాయి. వైద్యం, పుణ్యం, వినోదం, సేద్యం అన్నింటికీ ఒకే నీరు. అక్కడి రైతుకు యాత్రికుడు పోటీదారు కాదు. యాత్రికుడి తర్వాతి వంతు రైతుదని ఆ కాలువే ఏర్పాటు చేసింది.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. మహానంది దేవుడిది, అందరిదీ. రిసార్టు తొట్టి డబ్బున్నవాడిది, గోడ చాటుది. రెంటినీ ఒక గాటన కట్టవచ్చా? కట్టకూడదు. ఈ తేడాను చూపడానికి తుంగభద్ర ఒడ్డునే సాక్ష్యం ఉంది. హంపీలో రాణుల స్నానశాల అనే కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. చుట్టూ కందకం, నడుమ చతురస్రపు కోనేరు, పైన వసారాలు, చెక్కడాలు. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. అయితే అది కొద్దిమందికే. విజయనగర కాలం మనకు నిజంగా మిగిల్చిన నీటి సంపద ఆ కోనేరులో లేదు. అప్పట్లో తవ్వి నేటికీ పారుతున్న తుంగభద్ర కాలువల్లో ఉంది, సీమ నిండా ఉన్న చెరువుల్లో ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్క పెట్టి చెబుతుంది. రాజకుమారుడు వేయించిన ఆ శాసనం చెరువు తవ్వించడాన్ని గొప్ప దానాల్లో ఒకటిగా చూస్తుంది. చెరువు నలుగురిదైనందుకే దానం. యూరప్‌లోనూ ఇదే కనిపిస్తుంది. చెక్ దేశంలోని కార్లోవీ వారీలో 70 డిగ్రీలు దాటిన వేడి ఊటలున్నాయి. 2021లో యునెస్కో గుర్తించిన పదకొండు స్నాన పట్టణాల్లో అదొకటి. హోటళ్లలో స్నానానికి బాగానే డబ్బు పెట్టాలి, కానీ మంటపాల్లోని ఊటల దగ్గర కప్పు తెచ్చుకున్న ఎవరైనా ఉచితంగా తాగవచ్చు. సంపన్నుల స్నానం చుట్టూ పెరిగిన ఊరు కూడా ఊటను పూర్తిగా గోడ చాటుకు నెట్టలేదు. కణేకల్ లాంటి చోట స్నానశాల వస్తే దాని నీటిపై మొదటి హక్కు ఊరిదై ఉండాలి.

బీరు సంగతి. దాని మీద నాకు పట్టింపు లేదు సరికదా, ఇక్కడికి అది వద్దనే నేనంటాను. స్నానంలో హాయినిచ్చేది ప్రధానంగా గోరువెచ్చని నీరు. ఒంటి బరువు నీళ్లలో తేలికవుతుంది, కండరాలు సడలుతాయి, రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. బీరులోని ఈస్టు విటమిన్లు చర్మం గుండా ఒంట్లోకి చేరి మేలు చేస్తాయన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. లీటరు బీరు తయారవ్వాలంటే ఒక మోస్తరు మంచి కర్మాగారంలోనూ నాలుగు నుంచి ఆరు లీటర్ల నీళ్లు కావాలి. పైగా బీరు కలిసిన నీరు పొలానికి నేరుగా పనికిరాదు. మాల్టు, ఈస్టు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. వీటన్నిటికీ మించిన కారణం మన ఊళ్ల చరిత్రలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ పోరాటం చేసిన తల్లులున్న నేలలో మద్యాన్ని ఆరోగ్యం పేరుతో తొట్టిలోకి తేవడం నాకు సమ్మతం కాదు. చెక్ వాళ్లకు బార్లీ, హాప్స్ వాళ్ల పొలాల పంట, వాళ్ల స్నానానికి అందులో ఒక సహజమైన వరస ఉంది. మనకు అలాంటి వరస కావాలంటే వేపాకు, వావిలాకు వేసి కాచిన నీళ్లున్నాయి. బాలింతలకు పోసే స్నానం పద్ధతి ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు.

తాగునీళ్లకే కటకటలాడిన జిల్లాలో ఈ మాటలేమిటన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న పల్లెలెన్నో ఇక్కడ ఉన్నాయి. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీరు చేర్చిన పథకం ఎంత పెద్ద ఊరటో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. కాబట్టి షరతు స్పష్టంగా ఉండాలి: స్నానశాల బోరు వేయకూడదు, తాగునీటి పైపు ముట్టకూడదు. చెరువు నుంచి పంట కాలువకు ఎలాగూ పోవాల్సిన నీళ్లనే దారిలో ఆపి, వాడి, తిరిగి కాలువకు ఇవ్వాలి. సబ్బు, షాంపూ నిషేధించాలి, మట్టి గుంటల్లో నిలిపి తేరాకే వదలాలి. వేడి చేయడం పెద్ద చిక్కు కాదు. 1,000 లీటర్లను పది డిగ్రీలు వేడెక్కించడానికి పన్నెండు యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి కావాలి, ఎండకు కొదవ లేని ఈ జిల్లాలో సోలార్ హీటర్లే దాన్ని ఇవ్వగలవు. నాకు మరింత ఆశ కలిగించేది దిబ్బల వైపు దారి. హగరి ఇసుకను ఆపాలంటే గాలికి అడ్డంగా చెట్ల వరసలు లేవాలి, మొక్క నిలదొక్కుకునే దాకా నీళ్లు పోయాలి. మొక్కకు వారానికి ఇరవై లీటర్లు పోసినా, ఒక్క తొట్టి నీళ్లు యాభై మొక్కలకు వారం రోజులు సరిపోతాయి. దిబ్బలు చూడటానికి వచ్చిన పర్యాటకుడి స్నానం ఆ దిబ్బ మీది మొక్కను బతికించవచ్చు.

ఇక కాలం, పెత్తనం. హెచ్చెల్సీ ఏడాదంతా పారదు. డ్యాము నిండాక వదిలి, చలికాలంలో ఎప్పుడో కట్టేస్తారు. వెచ్చని స్నానం కోరుకునేది కూడా ఆ చలి నెలల్లోనే, అప్పుడే చెరువు నిండుగా ఉంటుంది, హంపీకి వచ్చే పర్యాటకులూ అప్పుడే ఎక్కువ. ఎండాకాలంలో చెరువు అడుగు కనిపించే వేళ స్నానశాల తలుపు మూసుకోవాలి, అందుకు మినహాయింపు ఉండకూడదు. తెరవాలా మూయాలా అనేది రిసార్టు మేనేజరు కాదు, సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘం తేల్చాలి. నీటి సంఘాలకు ఇంతవరకు కాలువ మరమ్మతుకు డబ్బు కోసం ప్రభుత్వం వైపు చూడటమే అలవాటు. స్నానం రుసుములో వాటా సంఘానికి నేరుగా వస్తే పంట కాలువల్లో ముళ్లకంప తీయడానికీ, తూము షట్టరు మార్చడానికీ మరొకరి దయ కోసం ఆగనక్కర్లేదు. ఆ డబ్బు మొదట ఖర్చు కావాల్సింది కాలువ చివరి మళ్ల మీద. ఏ ఏడు నీళ్లు తక్కువైనా ముందుగా ఎండిపోయేవి అవే.