గోలకొండ నీడలో మా చెల్లెలి యూరు

మొన్నటి వేసవి సెలవులలో బడి లేనందున మావారు ఇంటిపట్టుననే యుండిరి. పిల్లలను వారికిని అత్తగారికిని అప్పగించి, సూర్యాపేటనుండి నేనొక్కదాననే హైదరాబాదునకు బయలుదేరితిని. మా చెల్లెలు అచ్చట హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్నది. దానిని చూచి వచ్చుట యొక పని. నాయనగారు ఒప్పగించినది రెండవ పని. మంచి సంబంధమొకటి వచ్చినది గాని, రాత్రివేళల చేయు నుద్యోగము వరుని తల్లిదండ్రులకు సమ్మతము కాదట. “నీ మాట అది కాదనదు. నచ్చజెప్పి వెంటబెట్టుకొని రమ్ము” అని నాయనగారు నన్ను పంపిరి.

మా యిద్దరి చదువులును వేరు. నాకు నాయనగారు ఇంటనే భారతమును, వసుచరిత్రమును పాఠము చెప్పిరి. నాకన్న పదియేండ్లు చిన్నదైన చెల్లెలిని ఇంజనీరింగు కళాశాలకు పంపిరి. కాలము మారిన కొలది తండ్రులును మారుదురు గదా.

బస్సు హయత్‌నగరు దాటిన పిదప ఎల్.బి. నగరులో దిగి, మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మరియొక రైలు మారి, రాయదుర్గమున దిగితిని. ఈ రైలు రాయదుర్గము వరకు వచ్చినది 2019లో. 1998లో ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించునాటికి మాధాపురము ఊరి వెలుపలి పల్లె, చుట్టును రాళ్లగుట్టలు. ఆ రాళ్ల వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. బోర్లించిన కుండలపై కుండలు నిలిపినట్లుండు ఆ గుండ్లను పెక్కింటిని పగులగొట్టి మేడలు కట్టిరి. మిగిలినవి అక్కడక్కడ అద్దాల మేడల నడుమ, పెండ్లి పందిటిలో పలకరించువారు లేని ముసలి బంధువులవలె కూర్చున్నవి.

చెల్లెలు మరి యిద్దరు పిల్లలతో కలిసి పదునొకండవ అంతస్తున అద్దెకున్నది. వంట యెవరి వంతో గోడకు కాగితము అంటించుకొనిరి. రాత్రి తొమ్మిది గంటలకు కంపెనీవారి కారు వచ్చెను, చెల్లెలు వెళ్లెను. అమెరికాలో అప్పుడు పగలు. నాకు నిద్రపట్టలేదు. కిటికీయొద్ద నిలిచి చూడగా అర్ధరాత్రి దాటినను మేడలన్నియు దీపములతో వెలుగుచునే యున్నవి. తెల్లవారుజామున చెల్లెలికంటె ముందు నీళ్ల ట్యాంకరు వచ్చెను. వేసవి వచ్చినచో ఇచ్చట నీరు కొనుక్కొనవలసినదేనట. అంత జీతములు తీసికొనువారును బిందె నీటికి ట్యాంకరు కొరకు ఎదురుచూచుట నాకు వింతగా తోచినది.

ఆ సాయంకాలము దుర్గము చెరువునకు పోతిమి. 2020లో దానిపై తీగల వంతెన వేసిరి. జనులు వంతెననే చూచుచున్నారు. నాకు మాత్రము చెరువుమీదనే దృష్టి నిలిచినది. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు త్రాగునీరు ఈ చెరువునుండియే పోయెడిది. మట్టిగొట్టములగుండ కోటకు చేరిన నీటిని, అంచెలంచెలుగా చక్రములతో తోడి కొండ శిఖరము వరకు ఎక్కించెడివారట. ఇంటికి నీరు మోసిన చేతులున్న మనకు ఆ యుపాయము విలువ వేరొకరు చెప్పనక్కరలేదు.

మరునాడు ఆదివారము. ఉదయముననే పులిహోర కట్టుకొని గోలకొండకు పోతిమి. ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టినచో పైన బాలాహిస్సారులో వినబడును. శత్రువు రాకను తెలుపుటకు చేసిన యేర్పాటు. చెల్లెలు క్రిందనే నిలిచి, నన్ను పైకి పొమ్మనెను. సుమారు 360 మెట్లు! మధ్యమధ్య కూర్చుండుచు ఎక్కితిని. (సోదరీమణులారా, ఎండ ముదురకమునుపే ఎక్కుడు; నీరు మరువకుడు.) పైన నిలిచి చెవియొగ్గగా చప్పట్లు స్పష్టముగ వినవచ్చెను. అవి మా చెల్లెలివే అయియుండునని నమ్మితిని గాని, అంతమంది కొట్టుచుండగా ఎవరివైనను కావచ్చును.

ఈ కోట కాకతీయుల కాలమున మట్టికోట. 1518 మొదలు కుతుబ్‌షాహీల యేలుబడి. వారిలో ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆయన యుద్యోగియైన అమీనుఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో అదియే మొదటిది. నాయనగారు నాకు ఆ కథను చెప్పిననాడు అమీనుఖానుని పటాన్‌చెరువు ఎక్కడనో దూరదేశమనుకొంటిని. మా చెల్లెలి యింటినుండి పడమరగా పోయిన వచ్చునట!

రామదాసు చెరసాలలో ప్రొద్దుటివేళనే చీకటి. గోడమీద సీతారామలక్ష్మణుల, హనుమంతుని బొమ్మలు కలవు. భక్తుడే చెక్కినవని చెప్పుదురు. ఆయనను బంధించిన తానాషాను 1687లో, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, ఔరంగజేబు పట్టి దౌలతాబాదు కోటలో ఉంచెను. తానాషా అక్కడనే మరణించెను. పైన జగదంబ గుడిలో దర్శనము చేసికొంటిమి. ఆషాఢమున బోనములు మొదట ఎత్తునది ఈ తల్లికే.

మధ్యాహ్నము కుతుబ్‌షాహీ సమాధులకు చేరితిమి. 2013 నుండి చాలకాలము పనిచేసి, మునుపు పూసిన సిమెంటును తీసివేసి, సున్నముతోనే బాగుచేసిరి. దిగుడుబావులలో మరల నీరు నిలిచినది. గుమ్మటములలో నన్ను నిలిపినది హయాత్ బక్షీ బేగముది. ఆమె తండ్రియు, భర్తయు, కుమారుడును వరుసగా సుల్తానులు. 1626లో భర్త గతించి, పిన్నవయస్సుననే కుమారుడు అబ్దుల్లా గద్దె నెక్కగా, రాజ్యభారము చాలవరకు ఈమెయే వహించెను. 1667లో గతించెను. హయత్‌నగరు వెలయించినది ఈమెయే. ఎన్నిమారులు ఆ యూరు దాటితిని! ఒక్కమారైనను అది ఎవరి పేరని అడుగలేదు.

ఆ నీడలో పులిహోర విప్పితిమి. చెల్లెలు తలవంచుకొని, “అక్కయ్యా, నాయనగారు నిన్నెందుకు పంపిరో నాకు తెలియును” అనెను. నేను పలుకలేదు. “నీవు మానుమనిన మానుదును. కాని తమ్ముని కళాశాల ఫీజు ఇంక రెండేండ్లు కట్టవలెను. అది వారికెట్లు కుదురునో అడిగి చెప్పుము.”

ఆ ఫీజు ఎవరు కట్టుచున్నారో అంతవరకు నాకు తెలియదు. నాయనగారు భూమి కౌలునుండి అనిరి. నా పెండ్లినాటికి బి.ఏ. పరీక్షకు ప్రైవేటుగా కూర్చుండుటకు దరఖాస్తు నింపి పెట్టుకొంటిని. అది నా పెట్టెలో పట్టుచీరల క్రింద ఇప్పటికిని కలదు. దానిని పంపవలదని నన్నెవరును కోపగించలేదు, ప్రేమతోనే నచ్చజెప్పిరి. నేనిప్పుడు నచ్చజెప్పుటకు వచ్చినదియు అట్లే గదా యని తోచి, ముద్ద గొంతు దిగలేదు.

మరునాడు తిరుగు ప్రయాణమున బస్సులో నుండగా నాయనగారు ఫోను చేసి, “ఏమన్నది?” అనిరి.

“నేనడుగలేదు. తమ్ముని ఫీజు సంగతి పెండ్లివారితో చెప్పితిరా, నాయనగారూ?” అంటిని.

వారు కొంతసేపు పలుకలేదు. “లేదమ్మా. నీవు రా, కూర్చుండి మాటలాడుదము” అనిరి. బస్సు అప్పుడు హయత్‌నగరు దాటుచుండెను.