మందగించిన కంప్యూటరు

ఇంటిలో ఏ వస్తువైనను సరిగా పని చేయనప్పుడు "పాతబడినది, క్రొత్తది కొనవలయును" అను మాట సులభముగా నోటికి వచ్చును. మా యింట నిటీవల అట్టి మాటయే వచ్చెను. అది నిజము కాదని తెలిసికొనుటకు మాకు వారము దినములు పట్టినది. సోదరీమణులలో కొందరికైనను ఉపయోగపడునేమో యని ఆ సంగతి వ్రాయుచున్నాము.

మా కంప్యూటరు తొమ్మిదేండ్ల నాటిది. దానిలోని విండోస్ 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు ప్రాసెసరు దానిలో లేదు. అందుచేత లినక్సును ఎక్కించుకొంటిమి. 1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించిన ఈ వ్యవస్థకు వెల లేదు. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదివి దిద్దుకొనవచ్చును.

ఎక్కించుట ముగిసినది గాని, ఆనాటినుండి తెరకు జబ్బు పట్టినది. విండోను మౌసుతో ప్రక్కకు జరిపిన, అది కొంతసేపటికి గాని వెంట రాదు. పుటను క్రిందికి దొర్లించిన కుదుపులతో కదలును. మా అమ్మాయి కళాశాల పాఠములు దానిమీదనే వినును. "అమ్మా, పంతులమ్మగారి మాట ముందు వచ్చుచున్నది, పెదవులు తరువాత కదలుచున్నవి" అని వాపోయెడిది. లోపలి ఫ్యాను పిండిమర వలె మ్రోగెడిది.

మరమ్మతు చేయు నొకరికి చూపగా, క్రొత్తది కొనుటయే మేలనిరి. రూ. 30,000 కావలయును. మావద్ద అంత సొమ్మున్నది గాని, అది అమ్మాయి రెండవ సంవత్సరపు రుసుమునకై దాచినది. "రుసుము సంగతి తరువాత చూతము" అని మావారనిరి. మేము వారము దినములు గడువడిగితిమి.

మొదట జ్ఞాపకశక్తి చాలలేదేమో యని చూచితిమి. టెర్మినలులో 'ఫ్రీ' అని వ్రాయగా, 8 జీబీలలో సగమునకు పైగా ఖాళీగనే యున్నది. పిమ్మట 'టాప్' అని వ్రాసి, ఏ పని ఎంత శ్రమ పెట్టుచున్నదో చూచితిమి. పాఠము నడచునపుడు ప్రాసెసరు శక్తి యంతయు తెరను గీయుటకే వ్యయమగుచున్నది. అప్పటికి త్రోవ దొరకినది.

తెర యనగా చుక్కల ముగ్గు వంటిది. సాధారణమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలుండును. సెకనునకు అరువదిమార్లు తెరను నింపిన, చుక్కల సంఖ్య 12 కోట్లు దాటును. ఈ పనికై గ్రాఫిక్స్ భాగము ప్రత్యేకముగా నున్నది. ప్రాసెసరు ఇంటి లెక్కలు చూచు ఇల్లాలు వంటిది. ముగ్గులు పెట్టవలసిన ఆడపడుచు ఒక మూల నూరక కూర్చుండగా, ఇల్లాలే లెక్కలు విడిచి వీథియంతయు ముగ్గులు పెట్టుచున్నచో, ఇంటి పని యెట్లు సాగును?

అట్లే జరుగుచున్నదా యని తెలిసికొనుటకు 'జీఎల్ఎక్స్ఇన్ఫో' అను సాధనము కలదు. లినక్సులో బొమ్మలు గీయు మేసా అను గ్రంథాలయము గలదు. దానిని 1993లో బ్రయన్ పాల్ ఆరంభించెను. తెరను గీయుచున్నదెవరో ఆ సాధనము చెప్పును. 'రెండరర్' అను పంక్తిలో ఇంటెల్, ఏఎమ్‌డీ వంటి పేరున్న, గ్రాఫిక్స్ భాగమే పని చేయుచున్నదని యర్థము. మాకు 'ఎల్ఎల్‌వీఎమ్ పైప్' అని కనబడినది. గ్రాఫిక్స్ భాగము దొరకనపుడు ప్రాసెసరు చేతనే గీయించు ఏర్పాటునకు అది పేరు.

మరి ఆ భాగము చెడినదా? 'ఎల్ఎస్‌పీసీఐ' జాబితాలో అది యథాస్థానముననే యున్నది. దానిని నడపవలసిన డ్రైవరు మాత్రము పనిలో లేదు. కంప్యూటరు మేల్కొనునపుడు కెర్నెలునకు అందు ఆజ్ఞలను తీసి చూడగా, చివర నొక్క పదము కనబడినది: 'నోమోడ్‌సెట్'.

ఆ పదము చూడగనే మాకు సిగ్గు వేసినది. అది వ్రాసినది మేమే! లినక్సు ఎక్కించిన నాడు తెర నల్లబడగా, దారి తోచక, ఎక్కడనో చదివిన ఆ పదమును గ్రబ్ దస్త్రములో చేర్చితిమి. తెర వెలిగినది, మేము మరచితిమి. గ్రాఫిక్స్ డ్రైవరును కదలనీయక, సాదా తెరతో సరిపెట్టుకొమ్మనుట దాని యర్థము. అది అపాయము దాటుటకే గాని నిత్యకృత్యమునకు కాదు.

వెంటనే దస్త్రమును ముట్టలేదు. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూతుము గదా! కంప్యూటరు మేల్కొనునపుడు గ్రబ్ పట్టికలో 'ఇ' అను మీట నొక్కి, ఆ పదమును ఆ ఒక్కమారునకే తీసివేసితిమి. తెర నల్లబడినను మరల ఆర్పి వెలిగించిన పూర్వస్థితి వచ్చును గనుక భయము లేదు. తెర నల్లబడలేదు. నడుమ వచ్చిన క్రొత్త కెర్నెలు పాత చిక్కును తీర్చియుండవచ్చును. అటుపిమ్మటనే దస్త్రములోని పదమును తుడిచి, 'అప్డేట్ గ్రబ్' అను ఆజ్ఞ నిచ్చితిమి. ఈ ఆజ్ఞ డెబియను కుటుంబపు లినక్సులలో నుండును.

రెండరర్ పంక్తిలో ఇంటెల్ పేరు వచ్చినది. విండో మౌసుతో కూడ కదలినది. ఫ్యాను మ్రోత తగ్గినది. ఆ సాయంకాలము అమ్మాయి పాఠము వినుచుండగా మావారు వెనుక నిలిచి కొంతసేపు చూచి, రూ. 30,000 కవరును మారుమాటాడక మా చేతికిచ్చిరి. రుసుము గడువులోపలనే కట్టితిమి.

ప్రతి జబ్బునకును ఇదియే మందని చెప్పము. నిజముగా భాగమే చెడిన, కొనక తప్పదు. అయినను కొనుటకు ముందు తెరను గీయుచున్నదెవరని యొక్కమారు అడిగి చూడుడు. ఇంకొక మాట. పాలవాని లెక్క, చాకలి పద్దు తప్పక వ్రాసికొను మేము, ఆనాడు చేర్చిన ఒక్క పదమును వ్రాసికొనలేదు. ఇప్పుడు మా పద్దుల పుస్తకము చివర నొక పుట కంప్యూటరునకై విడిచితిమి. ఏనాడేమి మార్చితిమో, ఎందుకు మార్చితిమో, అందులో తేదీతో వ్రాయుచున్నాము.