పదిహేనేళ్లవాణ్ణి యే బల్లమీద కూర్చోబెట్టాలి?

మా పరవాడలో పొగగొట్టాలకు కొదవలేదు. ఒకపక్క సింహాద్రి విద్యుత్కేంద్రం, మరొకపక్క మందుల ఫ్యాక్టరీలు. పనులు వచ్చాయి, కాదనను. కాని ఏడో తరగతితో బడి మానేసిన కుర్రవాడి మాటేమిటి? పద్ధెనిమిదేళ్లు నిండందే ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. సబబే. 2009 నాటి విద్యాహక్కు చట్టమేమో పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. ఒకటి ఫ్యాక్టరీలోకి రావద్దంటుంది. మరొకటి బళ్లోకి రమ్మని పిలవడం మానేస్తుంది. నడుమ నాలుగేళ్లూ వాడు చెరువుగట్టున కూర్చోవాలి కాబోలు!

మా వీధి కుర్రవాణ్ణొకణ్ణి, "మళ్లీ బడికెళ్లకూడదుట్రా?" అని అడిగాను.

"సిన్న గుంటల్తో కూకోమంటారేటి మేష్టారూ? మీసాలొచ్చేసినాయి" అన్నాడు.

చదువు రాకపోవడంకంటె యీ సిగ్గే వాడికి పెద్ద అడ్డు. దీనికి మందు వెనకటి మన వుమ్మడి రాష్ట్రంలోనే దొరికింది. చరిత్రకారులు మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన ఫౌండేషన్, ఆయన మనుమరాలు శాంతా సిన్హాగారి పూనికతో, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనుల్లో మగ్గే పిల్లల్ని విడిపించి శిబిరాల్లో వుంచింది. తిండీ, పడకా, చదువూ అక్కడే. అందరూ ఆలస్యంగా మొదలెట్టినవాళ్లే గనక ఎవర్ని చూసి ఎవరు నవ్వుతారు? కొన్నాళ్లకు వయసుకు తగిన తరగతిలో సర్కారు బడికే పంపేవారు. వేరే బడి పెట్టి అందులోనే మూసి వుంచకపోవడం నాకు నచ్చిన సంగతి. 2003లో ఆమెకు మెగసేసే బహుమతి వచ్చింది.

సార్వత్రిక విద్యాపీఠం కూడా 1991లోనే పుట్టింది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, వెనకటి తరగతులు లేకపోయినా పదో తరగతికి చేరవచ్చు. అయిదేళ్లలో తొమ్మిది దఫాలు పరీక్ష రాసుకోవచ్చు. పదేళ్ల కిందట ఆ దారిన ఒకమ్మాయి నా తెలుగు తరగతికి వచ్చింది. జీడిపిక్కలు వలిచి వేళ్లు నల్లబడివుండేవి. పద్యం చెబితే అందరికంటె ముందు గణాలు విడదీసేది! "పుస్తకాలిచ్చారండీ, తెలియనిది అడగడానికే మనిషి లేకపోయారు" అందోసారి. సెలవురోజుల్లో తరగతులుంటాయి గాని, ఆదివారం కూడా కూలికి పోయేవాళ్లకు అవి అందని మానిపండే.

ఆ సర్టిఫికెట్టుకు యీ శిబిరం తోడైతే? పరవాడకు ఒకటి చాలు: నలభై పడకలు, రెండుపూటలా అన్నం, ఓపికగల మేష్టర్లు ఇద్దరు. వేసవి సెలవుల్లో తెలుగు నేను చెబుతానని పంచాయతీవారితో చెప్పివచ్చాను. మీసాల కుర్రవాడు మాత్రం, "మరి లెక్కలెవులు సెబుతారు?" అని అడుగుతున్నాడు.