చెరువు మీద ఆట

చెరువులో ఆట అంటే మనకు ఈత. చెరువు గట్టున ఆట అంటే కోతికొమ్మచ్చి. చెరువు మీద ఆట అన్న ప్రయోగం మాత్రం ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఎక్కడా తగల్లేదు. అటువంటిది, 2025 జనవరిలో, రెండు రోజులపాటు నేను ఒక చెరువు నడిబొడ్డున నిలబడి, ఎనిమిది మంది కర్రలు పట్టుకుని ఒక నల్లటి రబ్బరు బిళ్ళ వెంట పడడం కళ్ళారా చూశాను.

సంక్రాంతికి మినియాపొలిస్‌లోని తెలుగువారు సాహిత్యం మీద నాలుగు మాటలు చెప్పమంటే వెళ్ళాను. పిలిపించినవాడు నా బాల్యమిత్రుడు. ఇద్దరిదీ కనిగిరి ప్రాంతమే. ఉపన్యాసం జరిగింది, విన్నవారు ఓపిక గలవారు. అంతకంటె దాన్ని గురించి చెప్పడానికేమీ లేదు.

మర్నాడు శనివారం. "ఒరేయ్, మావాళ్ళతో పాండ్ హాకీకి పోతున్నాం, నువ్వూ రా. ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకుంటానంటే ఒప్పుకోను" అన్నాడు. వాడి కొడుకు నాకు రెండు జతల మేజోళ్ళు, ఒకదాని మీద ఒకటిగా మూడు కోట్లు తొడిగి, "బాబాయ్, చేతులు పైకెత్తగలరా?" అని అడిగాడు. ఎత్తలేకపోయాను. "అయితే సరిగ్గా తొడిగాను" అన్నాడు.

ఉత్తరంగా రెండున్నర గంటల ప్రయాణం, బ్రెయినర్డ్ అనే వూరి వైపు. దారి పొడుగునా చెరువులే. మినెసోటా వారు తమది పదివేల చెరువుల రాష్ట్రమని కారు నంబరు పలకల మీద కూడా రాసుకుంటారు. లెక్కపెట్టిన వారేమో పదెకరాలకు తగ్గనివే 11,842 అని తేల్చారు. గొప్పలు చెప్పుకోవడంలో తగ్గించి చెప్పుకున్న వారిని నేను అక్కడే చూశాను.

మేం దిగింది ఒక పెద్దాయన ఇంట్లో. డెబ్బయ్యేళ్ళవాడు, పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక మెట్లు దిగితే చెరువు. దిగమన్నారు. నా కాలు దిగనన్నది. పెద్దాయన నవ్వి, వడ్రంగి బరమాను పదింతలు చేసినట్టున్న మరతో మంచుకు బెజ్జం వేసి, కొలకర్ర దించి చూపించాడు. అడుగు మందం! మనిషి నడవడానికి నాలుగు అంగుళాలు చాలునట, అదీ అద్దంలా స్వచ్ఛమైన గడ్డ అయితేనే. పైన పడిన మంచు తడిసి తెల్లగా గడ్డకట్టినదైతే దానికి అంత బలం వుండదు. నీళ్ళు నాలుగు డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువెక్కి అడుక్కు పోతాయి. అంతకంటె చల్లబడినవి పైకి తేలి గడ్డకడతాయి. అందుకే పైన ఆట సాగుతుంటే కింద చేపలు హాయిగా బతుకుతుంటాయి. ఇది హైస్కూల్లో చదువుకున్న సంగతే. కాని చదువుకున్నది కాలికింద నిలబడడం వేరు.

మయసభలో దుర్యోధనుడు నేలను చూసి నీళ్ళనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు గదా. ఆ అవస్థ ఇన్నాళ్ళూ పిల్లలకు నవ్వుతూ చెప్పాను. ఇక మీద కొంచెం సానుభూతితో చెబుతాను. పైగా చివరికి ఆయన జలస్తంభన చేసి దాక్కున్నదీ మడుగులోనే!

అన్నట్టు, మన భాషకు ఇక్కడ ఒక ఇరకాటం వచ్చింది. పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనబడకుండా చేసేదీ మంచే, హిమాలయం మీద పడేదీ మంచే, ఇదిగో కాలికింద రాయిలా వున్నదీ మంచే. అమరకోశంలో నీహారం, తుషారం, ప్రాలేయం అని బోలెడు పేర్లున్నాయి కాని, చెరువు మీద ఆడుకునే మంచుకు ప్రత్యేకం పేరు పెట్టినట్టు లేదు. ఎవరి అవసరం వారిది.

ఆట సంగతి చెప్పాలి. జట్టుకు నలుగురు. గోలు కాసేవాడు వుండడు. గోలు అంటే ఒక పొడుగాటి చెక్కపెట్టె, దాని రెండు చివరలా రెండు చిన్న కంతలు. పారలతో ఎత్తిపోసిన మంచే చుట్టూ గోడ. బిళ్ళను గాలిలోకి లేపి కొట్టకూడదు. నిర్ణేత లేడు, తగవు వస్తే వాళ్ళలో వాళ్ళే తీర్చుకోవాలి. కెనడాలో ప్లాస్టర్ రాక్ అనే చిన్న వూళ్ళో 2002 నుంచి దీనికి ప్రపంచ పోటీలంటూ జరిగాయి. మినియాపొలిస్‌లో 2006లో మొదలైన పోటీలకు నొకోమిస్ చెరువు పేరుపొందింది. మావాళ్ళకు అంత ఆశ లేదు. పక్క ఇళ్ళవాళ్ళ జట్టును ఏడాదికొకసారి ఓడించాలని, అంతే. అదీ మూడేళ్ళుగా జరగలేదట.

నా మిత్రుడు ముప్ఫయ్యెనిమిదో యేట స్కేటింగ్ నేర్చుకున్నాడు. ఆ సంగతి వాడి ఆట చూస్తే తెలుస్తుంది. కొడుకు మాత్రం మంచు మీద పుట్టినట్టు పోతాడు. వాడు పుట్టింది ఒంగోల్లో, నడి వేసవిలో!

చిన్నప్పుడు మే నెలలో మా వూరి చెరువు ఎండి నెర్రెలు విచ్చేది. ఆ బీటల్లో కాళ్ళు ఇరుక్కోకుండా మేమిద్దరం బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. కర్ర, బిళ్ళ, నీళ్ళు లేని చెరువు. ఇక్కడా కర్ర, బిళ్ళ. నీళ్ళున్నాయి గాని అవి నీళ్ళలా లేవు. ఈ మాటంటే మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. "మన చెరువులో ఇప్పుడు నీళ్ళున్నాయా?" అని మాత్రం అడిగాడు.

రాత్రి పొయ్యి చుట్టూ చేరాం. బయట చెరువు వుండి వుండి గుమ్మని మోగుతోంది. చలికి గడ్డ బిగిసి బీటలిచ్చే చప్పుడట, భయం లేదన్నారు. ఆ చప్పుళ్ళ మధ్య మిత్రుడు విషయం బయటపెట్టాడు. కొడుక్కి మే నెలలో ఇరవై ఒకటి నిండుతాయి. నిండితే తండ్రి వీసా కింద వుండడానికి వీల్లేదు. తండ్రి గ్రీన్‌కార్డు దరఖాస్తు 2014 నాటిది. భారతీయుల వరస అక్కడిదాకా ఇంకా రాలేదు. ఇక పిల్లవాడు విద్యార్థి వీసాకు మారాలి, లేదా దేశం విడవాలి. నాలుగేళ్ళ వయసులో వచ్చినవాడు, పెరిగిన వూళ్ళోనే పరదేశపు విద్యార్థి అవుతాడన్నమాట.

పెద్దాయనకు ఇది ఒక పట్టాన అర్థం కాలేదు. రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. "వీడికి స్కేట్ల తాళ్ళు బిగించడం నేర్పింది నేను" అన్నాడు చివరికి. అంతకంటె ఏమీ అనలేదు. లేచి కోటు వేసుకుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, బెజ్జంలోంచి పంపుతో నీళ్ళు తోడి ఆటస్థలమంతా తడుపుతున్నాడు. అలా తడిపితే తెల్లారేసరికి గీతలన్నీ పూడి నున్నగా అవుతుంది. కాసేపటికి కుర్రాడు కూడా వెళ్ళి గొట్టం రెండో కొస పట్టుకున్నాడు. నా మిత్రుడు కిటికీ దగ్గరికి రాలేదు.

ఆదివారం చలి సున్నాకు దిగువన ఇరవై డిగ్రీలు దాటింది. నా కనురెప్పల వెంట్రుకలు అంటుకుపోయాయి. ఆట మాత్రం ఆగలేదు. చెరో తొమ్మిది గోళ్ళ దగ్గర అవతలి జట్టులోని స్థూలకాయుడొకడు ఆవేశపడి బిళ్ళను లేపి కొట్టాడు. అది మంచుగోడ మీదుగా ఎగిరి గట్టున జమ్ము దుబ్బుల్లో పడింది. వెతికాం, దొరకలేదు. వున్నది అదొక్కటే; మిగిలినవి అంతకుముందే పోగొట్టుకున్నారు. దానితో ఆట సమం.

"మంచు కరిగితే కనబడుతుంది. ఏప్రిల్‌లో వచ్చి నువ్వే వెతికిపెట్టు" అన్నాడు పెద్దాయన, కుర్రాడితో.

కుర్రాడు నెలలు లెక్కపెట్టుకున్నాడు కాబోలు, కొంచెం ఆగి, "ఏప్రిల్ అయితే వస్తాను" అన్నాడు.

వెళ్ళాడట. మొన్న మిత్రుడు ఫోనులో చెప్పాడు. విద్యార్థి వీసా కూడా వచ్చిందట, చదువు వున్నంత కాలం. జమ్ములో బిళ్ళలు మూడు దొరికాయి. రెండు ఎవరివో తెలియదు.